మౌసు కదిలినట్టు ధ్రువీకరించడమైనది

మౌసును ఎవరైనా కదపవచ్చు. అది కదిలిందని ప్రకటించే అధికారం మాత్రం అనకాపల్లిలో, గవరపాలెం వైపు, ఒక పెంకుటింటి వరండాలో ఉంది. ఈ సంగతి తెలియక భూమండలం మీద ఎంతోమంది మౌసును కుడివైపుకి జరిపి, తెర మీద బాణం గుర్తు ఇంకా ఎడమవైపే ఎందుకు తచ్చాడుతోందా అని తమ చేతినే అనుమానించుకుంటున్నారు. చేతిది ఏ తప్పూ లేదు. చెయ్యి కదిలింది, కాగితం ఇంకా కదల్లేదు, అంతే.

కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్ళకు తూనీగ పేరు బాగా తెలుసు. కీబోర్డులో ఏ మీట నొక్కారు, మౌసు ఎటు జరిగింది, తెర మీద బొమ్మ ఎలా వెయ్యాలి అన్న చాకిరీని ఆట రాసే ప్రతివాడూ మొదటినుంచీ మొదలుపెట్టనక్కర్లేకుండా, ఒకసారి రాసి పెట్టిన సరంజామా అది. అలాంటిదాన్ని లైబ్రరీ అంటారు. విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ ఒకే ఆట ఒకేలా నడిచేటట్టు చూడటం దాని బాధ్యత. తొమ్మిదేళ్ళ కిందట అనకాపల్లి ఇంజనీరింగు విద్యార్థులు ఐదుగురు కలిసి దాన్ని రాసి, ఊరికే వాడుకోండని లోకానికి వదిలేశారు. లోకం మొహమాటపడకుండా వాడుకుంది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఎవరి మాట చెల్లాలన్న దగ్గర ఐదుగురికీ చెడింది. తగువు తీర్చి నియమాలు రాసిపెట్టే మనిషి ఊళ్ళో ఎవరున్నారని వెతికితే శ్రీరామచంద్రమూర్తి గారు దొరికారు. ముప్పై నాలుగేళ్ళు ఒక బెల్లం మార్కెట్టు ఆఫీసులో పనిచేసి సూపరింటెండెంటుగా దిగినవారు. అప్పటికి ఆయన కంప్యూటర్‌ని ముట్టుకోలేదు. (అందువల్లే నిష్పక్షపాతంగా ఉంటారని ఐదుగురూ ఒప్పుకున్నారు.) పదకొండు రోజులు కూర్చుని, తూనీగకు ఒక సంఘం పెట్టించి, దానికి యాభై రెండు నియమాలతో నియమావళి రాశారు. ఆ తర్వాత ఐదుగురూ ఉద్యోగాల్లో పడి తలోదిక్కుకీ పోయారు. నియమావళి మాత్రం ఎక్కడికీ పోలేదు. తూనీగలో ఒక్క అక్షరం మారాలన్నా వాడాల్సిన పాస్‌వర్డు లక్క సీలు వేసిన కవర్లో, ఆ కవరు మూర్తిగారి ఇనప బీరువాలో, బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకి ఉన్నాయి.

ఈ యాభై రెండింటిలో ప్రపంచాన్ని బాగా ప్రభావితం చేసింది పద్నాలుగోది. "వచ్చిన ప్రతి కదలికను వచ్చిన వరుసలోనే స్వీకరించి, నంబరు వేసి, పుస్తకంలో ఎక్కించి, దాని పని పూర్తయిన పిమ్మటనే తర్వాతి కదలికను చూడవలెను. ఏ ఒక్క కదలికనూ తోసిపుచ్చరాదు." మౌసు కాస్త జరిగితే అది బోలెడు చిన్న చిన్న కదలికలుగా వచ్చి వరుసలో నిలబడుతుందని కుర్రాళ్ళు చెప్పినప్పుడు, మూర్తిగారి కళ్ళకు మౌసు కనబడలేదు, బెల్లం దిమ్మలు పక్కన పెట్టుకుని ఎండలో నిలబడ్డ రైతులు కనబడ్డారు. అందుకని అంత గట్టిగా రాశారు. మంచి మౌసు సెకనుకు వెయ్యి కదలికలు పంపుతుంది. వెయ్యికీ వెయ్యి నంబర్లు పడతాయి. ఈలోగా చెయ్యి ఎక్కడికో వెళ్ళిపోతుంది, బాణం గుర్తు మాత్రం పుస్తకం ప్రకారం, ఎవరి మీదా కోపం లేకుండా, నింపాదిగా వస్తుంది.

పావనికి ఈ చరిత్ర ఏదీ తెలియదు. ఆమెకు తెలిసిందల్లా తన బెల్లం మాడిపోతోందని.

పావనిది కోటవురట్ల దగ్గర పల్లె. తండ్రి సత్తియ్య చెరకు వేసి, బెల్లం వండే రైతు. పెనంలో రసం మరిగేటప్పుడు పైకి తేలే మడ్డిని చిల్లుల గరిటతో ఎప్పటికప్పుడు తీస్తుండాలి. ఒక్క నిమిషం ఏమరితే పాకం పాడవుతుంది. చిన్నప్పటినుంచీ ఆ పొయ్యి పక్కన పెరిగిన పావని, ఇంజనీరింగు చదివి, 'పాకం' అని ఒక ఆట తయారుచేసింది. ఆడేవాళ్ళు మౌసును గరిటలా తిప్పుతూ మూడు నిమిషాలు మడ్డి తీస్తే చివరికి బంగారు రంగు బెల్లం వస్తుంది, ఆలస్యం చేస్తే మాడుతుంది. విశాఖపట్నంలో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ వాళ్ళు ఆ సంగతి విని, శుక్రవారం పదకొండింటికి వచ్చి ఆడి చూపించమన్నారు. బాగుంటే ఉద్యోగం. షరతు ఒక్కటే, ఆట వాళ్ళ కంప్యూటర్లో, సంఘం అధికారికంగా విడుదల చేసిన తూనీగతోనే నడవాలి. సొంతంగా మార్పులు చేసుకున్న తూనీగ చెల్లదు.

అధికారిక తూనీగతో పావని ఐదుసార్లు ఆడింది. ఐదుసార్లూ బెల్లం మాడింది. సత్తియ్య కూడా ఒక చెయ్యి వేసి చూశాడు. నలభై ఏళ్ళుగా ఒక్క పెనం మాడ్చని మనిషి ఆయన.

"ఇదేటే," అన్నాడు మౌసును ఎగాదిగా చూసి. "గరిట ఇప్పుడు కదిపితే రేపు కదుల్తాంది. ఈ పెనం మనకొద్దు."

పావని తూనీగ లోపలికి వెళ్ళి చూసింది. రోగం తెలిసింది. తూనీగలో పనిచేసేది ఒకే ఒక్క థ్రెడ్డు. థ్రెడ్డంటే పొయ్యి దగ్గర ఒక పనిమనిషి అనుకుంటే చాలు. మంట వేసేదీ, మడ్డి తీసేదీ, వచ్చిన రసం పట్టుకునేదీ ఆ ఒక్కడే. అతను బొమ్మలు వేస్తున్నంతసేపూ మౌసు కదలికలు గుమ్మంలో పోగుపడి ఉంటాయి. పావని మౌసు దగ్గర ఇంకో థ్రెడ్డును కూర్చోబెట్టింది. అది కదలికలు వచ్చినవి వచ్చినట్టే పట్టుకుని, అన్నింటినీ కలిపి, మౌసు చివరికి ఎక్కడుందో ఒక్క ముక్కలో మొదటివాడికి చెబుతుంది. ఇరవై మూడు వరుసల కోడ్. దానితో ఆడితే గరిట చేతిలో ఉన్నట్టే తిరిగింది, బెల్లం బంగారంలా వచ్చింది. ఇక మిగిలింది ఆ ఇరవై మూడు వరుసల్నీ శుక్రవారంలోగా అధికారిక తూనీగలోకి ఎక్కించడమే కదా అనుకుని, సోమవారం పొద్దున్నే అనకాపల్లి బస్సెక్కింది.

దరఖాస్తులు ఇంటర్నెట్లో పంపుకోవచ్చు. (పంపినవాటిని ప్రింటు తీసి, మూడు ప్రతులు చేసి, వరండాలో పెడతారు.) వరండా నిండా ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. వాటిలో మనుషులు లేరు, కాగితాలున్నాయి. ఒక్కో కుర్చీలో ఒక్కో ఉత్తరం, ఎగిరిపోకుండా దాని మీద ఒక్కో పాత తూకపు రాయి. దూరదేశాల వాళ్ళు స్వయంగా రాలేరు కాబట్టి వాళ్ళ తరఫున ఉత్తరమే వరుసలో కూర్చోవాలన్నది ఇరవై ఒకటో నియమం. ఫిన్లాండు ఉత్తరం ఏడాదిన్నరగా ఒకే కుర్చీలో ఉంది. పావనికి బ్రెజిల్ పక్కన చోటు దొరికింది.

మూర్తిగారి భార్య కాసులమ్మ గారు వరుసలో ఉన్నవారందరికీ కాఫీ తెస్తారు. అందరికీ అంటే అందరికీ. ఫిన్లాండు వంతు కాఫీ వృథా కాకూడదని మూర్తిగారే తాగుతారు. ఆ ఇంట్లో కాఫీ ఖర్చు అంతర్జాతీయ సంబంధాల కింద పోతుందని కాసులమ్మ గారు ఎవరితోనూ ఫిర్యాదు చెయ్యలేదు.

"ఏ విషయం?" అన్నారు మూర్తిగారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

"మౌసండి. బేగి కదిలేలాగ సేసేను. కొత్త థ్రెడ్డొకటి పెట్టేనండి."

"అంటే రెండు విషయాలు. మౌసూ, థ్రెడ్డూ. రెండు ఉపసంఘాలకి వెళ్ళాలి." ఆయన కాగితం మీద ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. ఎందుకు గీశారో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. "రెండు సంతకాలూ తీసుకురా. అప్పుడు నా దగ్గర వరుస మొదలవుతుంది."

"శుక్రవారం నాకు ఇంటర్వ్యూ ఉందండి. అది పోతే ఇంకోటి ఎప్పుడొత్తాదో తెలీదు."

"తల్లీ, శుక్రవారం అందరికీ వస్తుంది," అన్నారాయన, నిజంగానే జాలిగా.

సోమవారం, మంగళవారం మొదటి ఉపసంఘం చిరునామా ఇచ్చే అనుమతి రావడానికి పోయాయి. బుధవారం పావని మౌసు ఉపసంఘం వెతుక్కుంటూ వెళ్ళింది. ఒక ఇంటి ముందుగది తలుపు మీద 'మౌసు ఉపసంఘం' అని బోర్డుంది. అధ్యక్షురాలు శ్రీదేవి, ఇంట్లోంచే సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే ముప్పై ఐదేళ్ళ మనిషి. కోడ్ అంతా చదివి, మొహం విప్పార్చి, "ఎంత బాగా రాసేవమ్మా," అంది.

"అయితే సంతకం పెట్టండి, అక్కా."

"పెడతాను. ముందు థ్రెడ్ల ఉపసంఘం వాళ్ళు పెట్టాలి. వాళ్ళ సంతకం చూసేకే మేం పెట్టాలని తొమ్మిదో నియమం."

"వాళ్ళెక్కడుంటారండి?"

శ్రీదేవి వంటింటి అవతల గది చూపించింది. అక్కడ 'థ్రెడ్ల ఉపసంఘం' అని ఇంకో బోర్డుంది. బోర్డు వెనక అధ్యక్షుడు నానాజీ ఉన్నాడు. శ్రీదేవి భర్త. తూనీగలో ఉన్న ఆ ఒక్క థ్రెడ్డునీ ఏడేళ్ళుగా పర్యవేక్షిస్తున్న వ్యక్తి అతనే. ఇన్నాళ్ళకు రెండోది వస్తోందంటే అతనికి ఇంట్లో కొత్తగా బిడ్డ పుట్టినంత సంబరమైంది. కోడ్ రెండుసార్లు చదువుకున్నాడు.

"బెమ్మాండంగా ఉందమ్మా. నాకేటీ అభ్యంతరం లేదు. మౌసు వాళ్ళు సంతకం పెట్టగానే నేనూ పెట్టేత్తాను. పదకొండో నియమం."

"ఆవిడ మీరు పెట్టేక పెడతానంతన్నారండి."

"ఆవిడ అలాగే అంటాది. రూలు ఆవిడకీ ఉంది కదా."

"మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు గదండి."

"ఇల్లు వేరు, సంఘం వేరు," అన్నారు ముందుగదిలోంచి శ్రీదేవీ, వెనకగదిలోంచి నానాజీ, ఒక్కసారే. (ఆ ఇంట్లో ఒక విషయం మీద ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరడం ఈ మధ్య ఇదే.) వంటింట్లో ఫ్రిజ్ మీద ఒక ఫైలు కనబడింది. పోయినేడాది ఏప్రిల్ నుంచి అక్కడే ఉందట. ముందుగది వాళ్ళు వెనకగది వాళ్ళ కోసం, వెనకగది వాళ్ళు ముందుగది వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. మధ్యలో భోజనాలు మాత్రం కలిసే చేస్తున్నారు.

పావని వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏడుపొచ్చింది. ఆ తర్వాత ఈ రోగం తనకు తెలిసిందేనని గుర్తొచ్చింది. ఆదివారం ఆమె కోడ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. రెండు థ్రెడ్లు, చెరో వస్తువూ పట్టుకుని, రెండోదాని కోసం ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండిపోయాయి. తప్పు చూపించలేదు, ఆగిపోయామని చెప్పలేదు, ఎంతో మర్యాదగా కంప్యూటర్‌ని బండరాయిని చేసేశాయి. దానికి మందు చాలా చిన్నది. ఎవరు ముందో నంబరు పెట్టేసి, ఎప్పుడూ చిన్న నంబరుతోనే మొదలుపెట్టాలి.

"అక్కా, మీది తొమ్మిదో నియమం. అన్నయ్యగారిది పదకొండు. తొమ్మిది ముందొత్తాదా, పదకొండు ముందొత్తాదా?"

ఇద్దరూ వంటింట్లోకి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్న నంబరు ముందు పెట్టాలన్న నియమం యాభై రెండింటిలో లేదు. పెట్టకూడదన్నదీ లేదు. శ్రీదేవి గట్టు మీద కాగితం పెట్టి సంతకం చేసింది. నానాజీ దాని కింద చేశాడు. మొత్తం నిమిషం పట్టలేదు.

"ఇంతేనా?" అన్నాడు నానాజీ, ఏదో పోగొట్టుకున్నవాడిలా. తర్వాత ఫ్రిజ్ మీది ఫైలు దించి, దుమ్ము దులిపి, దాని మీద కూడా ఇద్దరూ వరసగా సంతకాలు పెట్టారు. అది ఇంటి కరెంటు మీటరు పేరు మార్పు కాగితం. సంఘం ఫైళ్ళతో ఎలా కలిసిందో ఇద్దరికీ తెలియదు.

గురువారం పొద్దున్న పది గంటలకు పావని రెండు సంతకాలతో వరండాలో ఉంది. మూర్తిగారు వాటిని భూతద్దంతో చూశారు. ఒకే కాగితం మీద రెండు ఉపసంఘాల సంతకాలు సంఘం చరిత్రలో మొదటిసారి పడ్డాయి. ఆయన లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, కాగితం మొదటినుంచీ చదివారు. పద్దెనిమిదో వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇక్కడ వెయ్యి కదలికల్లో ఒకటే ఉంచుతున్నావు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది పారేస్తున్నావు."

"పారెయ్యడం కాదండి, కలపడం."

"పద్నాలుగో నియమం ఒప్పుకోదమ్మా." ఆయన తన కంప్యూటర్లో తూనీగతో నడిచే ఆట ఒకటి తెరిచి మౌసును కుడివైపుకి జరిపారు. ఫిన్లాండు వారి కాఫీ రెండు గుక్కలు తాగారు. మూడో గుక్కకి బాణం గుర్తు బయల్దేరి, తడబడుతూ, దారిలో ఏ మజిలీనీ వదలకుండా కుడివైపుకి చేరింది. "చూసేవా? ఒక్కటి కూడా పోలేదు," అన్నారు గర్వంగా.

"రేపు పదకొండింటికండి," అంది పావని. "మూడు నిమిషాలే ఇత్తారు. మీ బాణం అలాగొత్తే నా బెల్లం మాడిపోద్దండి. మా నాయన పెనం ఎప్పుడూ మాడలేదు. నేను ఆళ్ళ ముందు మాడ్సి సూపించాలా?"

మూర్తిగారికి బాధ కలిగింది. అది దాచుకోలేదు కూడా. "నాకూ కష్టంగానే ఉందమ్మా. కానీ పద్నాలుగో నియమం నేను ఊరికే రాయలేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రావికమతం నుంచి ఒక చిన్న రైతు దిమ్మలు తెచ్చేడు. ముందు వచ్చేడు. ఒక పెద్దాయన బండి వెనకొచ్చి ముందుకెళ్ళిపోయింది. ఈలోగా వాన పట్టుకుంది. ఆ రైతు దిమ్మలు నా కళ్ళముందు కరిగి కాలవలో పోయేయి. వరస తప్పనివ్వకూడదని ఆ రోజే అనుకున్నాను. నేను జీవితంలో చేసిన మంచి పని అదొక్కటే."

పావని ఆ రైతు గురించి ఆలోచించింది. తండ్రి దిమ్మలు మార్కెట్టుకి ఎలా వెళ్ళేవో ఆలోచించింది.

"మా నాయన నలభై దిమ్మలు తెత్తే, మీ మార్కెట్టులో నలభై సార్లు వేలంపాట పెట్టేవోరాండి?"

"ఏం మాటమ్మా," అన్నారు మూర్తిగారు నొచ్చుకుని. "ఒక రైతు సరుకంతా ఒకే రాశి. రాశికి ఒకటే పాట. దిమ్మకో పాట పెడితే వెనకున్న రైతులు పొద్దుపోయేదాకా ఎండలోనే..."

ఆయన చూపు కుర్చీల వరస మీదికి మళ్ళింది.

"ఒక మౌసు కదలికలన్నీ ఒక్క రైతు సరుకే గదండి," అంది పావని మెల్లగా.

మూర్తిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తొమ్మిదేళ్ళు. సెకనుకు వెయ్యి. ఎన్ని దేశాలు. "అంటే నేను ఒక్కో రైతు చేత వెయ్యేసి పాటలు పాడించేనా?" అన్నారు చివరికి. "వెనకవాళ్ళందరినీ ఎండలో నిలబెట్టేనా?"

"తెలీక జరిగిందండి."

"తెలిసి చేసినవాళ్ళని నేను సస్పెండు చేయించేను," అన్నారాయన. కళ్ళు తుడుచుకున్నారు. కాసులమ్మ గారు గుమ్మంలోంచి చూసి, ఇంకో కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు.

తర్వాత పని ఎంత వేగంగా జరిగిందంటే, వరండాలో ఉన్న ఉత్తరాలు కూడా ఆశ్చర్యపోయి ఉండాలి. మౌసు మీట నొక్కులు మాత్రం ఒకదానితో ఒకటి కలపకూడదనీ, నొక్కు అంటే సంతకం లాంటిదనీ, అది ఒక్కటి పోయినా మనిషి మాట పోయినట్టేననీ పావని విడిగా రాసిచ్చింది. ఆ వాక్యం మూర్తిగారికి ఎంతో నచ్చి రెండుసార్లు చదివించుకున్నారు. పద్నాలుగో నియమానికి (అ) అని ఒక ఉపనియమం చేర్చారు: "ఒక మూలం నుంచి వచ్చిన సరుకంతయు ఒకే రాశిగా పరిగణించవలెను. రాశిలో ఆఖరిది నిలుచును." మౌసు కదిలినట్టు ధ్రువీకరించడమైనదని ఒక రబ్బరు స్టాంపు తొమ్మిదేళ్ళుగా సొరుగులో వాడకుండా ఉంది. దాన్ని తీసి, నాలుగు వైపులా ఊది, వేశారు. మొలతాడు తాళంచెవితో బీరువా తీశారు. లక్క సీలు పగిలింది. శ్రీదేవి వచ్చి పాస్‌వర్డు కొట్టింది, నానాజీ పక్కన నిలబడి తన రెండో థ్రెడ్డు పుట్టడం చూశాడు. సాయంత్రం ఐదు నలభైకి కొత్త తూనీగ లోకంలోకి విడుదలైంది.

శుక్రవారం పదకొండింటికి విశాఖలో, ముగ్గురు పెద్దల ముందు, పావని చెయ్యి ఎటు వెళ్తే గరిట అటు వెళ్ళింది. మూడు నిమిషాలకు తెర మీద బంగారు రంగు బెల్లం దిమ్మ నిలబడింది. ఆమె జీవితంలో అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. కంపెనీ యజమాని రామ్‌గోపాల్ బెల్లం వైపు చూడలేదు. బాణం గుర్తును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఇది తూనీగే కదా? సంఘం విడుదల చేసిందే?"

"నిన్న సాయంత్రం వచ్చిందండి. నేనే సేసేను."

"సంతకాలు?"

"రెండూ పెట్టించేనండి."

రామ్‌గోపాల్ కుర్చీలోంచి లేచి, ఆమెకు తనే మంచినీళ్ళు పోసి ఇచ్చాడు. ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. ఆటలు రాసే విభాగం ఎటువైపని పావని అడిగింది.

"ఆటలు రాసేవాళ్ళు మాకు నలభై మంది ఉన్నారమ్మా," అన్నాడాయన. "అనకాపల్లిలో సంతకం తేగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. రెండేళ్ళలో ఆ సంఘానికి పదిహేడు ఉత్తరాలు రాసేం. మ్యాక్‌లో తెర నల్లబడిపోతోందనీ, లినక్స్‌లో శబ్దం రావట్లేదనీ. ఒక్కదానికీ జవాబు లేదు. నువ్వు రోజూ అక్కడికే వెళ్ళి కూర్చో. నీ ఆఫీసు అదే."

పావనికి మనసులో ఎక్కడో చివుక్కుమంది. 'పాకం' ఇంకో పది పెనాలతో ఎలా పెరగాలో ఆమె బస్సులో కాగితం మీద బొమ్మలు వేసుకుంటూ వచ్చింది. కానీ ఇంట్లో సత్తియ్య ఎదురుచూస్తున్నాడు. ఉద్యోగం ఉద్యోగమే, పైగా ఆ వరండాలో కాఫీ బాగుంటుంది. ముందు ఆ పదిహేడూ కదిపేస్తే, తర్వాత ఆటలు రాయనిస్తారులే అనుకుని సరేనంది.

తర్వాతి సోమవారం పొద్దున్న, కంపెనీ ఇచ్చిన గుర్తింపు కార్డు మెడలో వేసుకుని వెళ్ళేసరికి వరండా వెలవెలబోతోంది. కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి పేర్చి మూల పెట్టారు. ఫిన్లాండు లేదు, బ్రెజిల్ లేదు. మూర్తిగారు పదేళ్ళు చిన్నవారైనట్టు కనబడుతున్నారు.

"రా అమ్మా రా. నీ ధర్మమా అని రెండేళ్ళ పెండింగు శనివారం ఒక్క సాయంత్రంలో తీరిపోయింది."

"ఎలాగండి?"

"నువ్వు చూపించిన దారే. పద్నాలుగు (అ). ఒక మూలం నుంచి వచ్చినదంతా ఒకే రాశి. ఎవరు ఎన్ని ఉత్తరాలు రాసినా కలిపేసి, ఆఖరిది ఒక్కటి ఉంచేం."

నొక్కులు కలపకూడదని రాసింది గానీ, ఉత్తరాలు కలపకూడదని రాయలేదే అని పావనికి అప్పుడు తట్టింది. మెడలో కార్డును చేత్తో పట్టుకుంది.

"మా కంపెనీవి పదిహేడు ఉండాలండి. ఆఖరిదాంట్లో ఏటి రాసేరు?"

మూర్తిగారు రిజిస్టరు తిప్పి, వేలు పెట్టి చదివారు. "'సంఘ సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు.'" కళ్ళజోడు సర్దుకుని ఆమె వైపు ఆప్యాయంగా చూశారు. "మౌసు ఉపసంఘం ముందు సంతకం పెట్టింది, థ్రెడ్ల ఉపసంఘం తర్వాత పెట్టింది. సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించింది. మీవాళ్ళకి చెప్పమ్మా."

తూనీగ తర్వాతి విడుదల నుంచి ఉగాది శుభాకాంక్షలు విండోస్‌లోనూ, మ్యాక్‌లోనూ, లినక్స్‌లోనూ ఒకేలా పనిచేస్తాయి.